కోళ్ల షెడ్డులో కలుపుతీత

నేనేం చేస్తానని ఎవరైనా అడిగితే నాకు ముందే విసుగొస్తుంది. కాంటెంపరరీ డ్యాన్స్ అంటాను. సినిమాల్లోదా అంటారు. కాదంటే కూచిపూడా అంటారు. పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్న మాట నిజమే, మానేసి పదేళ్లయింది అంటే అయ్యో అని జాలిపడతారు. మా నాన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో చుట్టాలకు నన్ను డ్యాన్స్ టీచరని చెబుతారు. నేను ఎవరికీ ఏమీ నేర్పను. చెప్పి చెప్పి అలసిపోయి ఇప్పుడు అవునండీ అనేస్తున్నాను.

నాకు బృందం లేదు, వెనక సంస్థ లేదు. ఒక పని మొదలుపెడితే ముందు నెలల తరబడి జనం ఎలా కదులుతారో చూస్తాను. బస్సుకు బ్రేకు పడితే నిలబడ్డవాళ్లు ఎటు తూలుతారు, తలమీద బరువున్న ఆడమనిషి వెనక్కి ఎలా తిరుగుతుంది, ఇలాంటివి. నోటుబుక్కులో బొమ్మలు గీసుకుని, వాటిని నా ఒంట్లోకి తెచ్చుకుంటాను. పాట ఉండదు. కథ ఉండదు. చాలామందికి ఇక్కడే కోపం వస్తుంది.

రిహార్సల్‌కు చోటు కోసం రెండేళ్లు తిరిగాను. పాట లేకుండా ఒక ఆడమనిషి నేలమీద దొర్లుతుంటే సిటీలో హాళ్లవాళ్లు అనుమానంగా చూసేవారు. చివరికి శంషాబాద్ దాటాక ఒక ఊళ్లో మూతపడ్డ కోళ్ల షెడ్డు కిరాయికి దొరికింది. మైలార్‌దేవ్‌పల్లిలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. నెలరోజులు కడిగినా వాసన పోలేదు. నేను నిశ్శబ్దం మీద నాట్యం కడుతుంటే, విమానం దిగిన ప్రతిసారీ పైన రేకులు గడగడలాడేవి.

షెడ్డు ఒక రైతమ్మది. అరవై దాటి ఉంటాయి. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొదటి వారం గుమ్మంలో నిలబడి చాలాసేపు నన్ను చూసి, "ఏంది బిడ్డా, కడుపు నొస్తున్నదా? దవాఖానకు పోదామా?" అని అడిగింది. అరగంట కూర్చోబెట్టి నా పని గురించి చెప్పాను. అంతా విని, సరేగానీ సిమెంటు మీద గట్ల పడకు అని వెళ్లిపోయింది.

ఆ ఏడాది నేను చేస్తున్నది కలుపు తీసే ఆడవాళ్ల మీద. బస్సు దిగి షెడ్డుకు నడిచే దారిలో టమాట తోటల్లో వాళ్లను ఏడు నెలలు చూశాను. ముప్పై అయిదు నిమిషాల నాట్యం. గొంతుక్కూర్చునే షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. మోకాళ్లు రెండూ వాచాయి. కష్టాన్ని చూపించాలంటే కష్టపడాలి కదా అనుకున్నాను.

ఒక నాట్యోత్సవం నిర్వాహకుడికి ఏడాదిగా మెయిళ్లు పెడుతుంటే ఒక్కసారి జవాబొచ్చింది. హైదరాబాద్‌లో విమానం మారాలి, మధ్యలో నాలుగు గంటలుంది, ఎయిర్‌పోర్టు దగ్గరే కదా, వచ్చి చూస్తానన్నారు. ఆ రోజు షెడ్డు వైపు ఎవరూ రావద్దని పెద్దమ్మకు మూడుసార్లు చెప్పాను. ఆయన విమానం ఆలస్యమై, వచ్చేసరికి గంటే మిగిలింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

ఇరవై నిమిషాలు బాగానే సాగింది. అప్పుడు పెద్దమ్మ, ఆమెతో పనికొచ్చిన మరో ఇద్దరు ఆడవాళ్లు టిఫిన్లు పట్టుకుని లోపలికొచ్చారు. రోజూ తినేది ఆ నీడనే. గోడవారగా కూర్చుని మూతలు తీశారు. గుసగుసలు, నవ్వు. నేను ఆగలేదు. ఇంతలో పెద్దమ్మ గొంతు.

"గట్ల కాదు బిడ్డా. రెండు కాళ్ల మీద గిట్ల కూసుంటే దినమంతా ఎట్ల చేస్తం?"

ప్రదర్శన మధ్యలో నేను ఎప్పుడూ ఆగి ఎరుగను. ఆ రోజు ఆగిపోయాను.

"పెద్దమ్మా, నేను పనిలో ఉన్నానండి," అన్నాను పళ్లు బిగబట్టి.

"పనైతే సక్కగ చెయ్యాలె గదా," అంటూ ఆమె ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచింది.

చీర కుచ్చెళ్లు దోపుకుని నేలమీద కూర్చుంది. ఒక కాలి మడమ మీద బరువంతా వేసింది. రెండో మోకాలు నిలబెట్టి ఎడమ చెయ్యి దానిమీద ఆనించింది. రెండడుగులు జరిగాక కాళ్లు మార్చింది. ఎప్పుడూ ఒక కాలికి విశ్రాంతి. చూస్తుండగానే నన్ను దాటి పోయింది. ఏడు నెలలు దారి మీద నిలబడి చూశానే గానీ, ఒక్కరోజూ గట్టు దిగి వాళ్ల పక్కన కూర్చోలేదు. ఆమె మీద కోపం, అంతకు మించి నా మీద కోపం.

నిర్వాహకుడు అప్పటికే ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు. నీ సోలో వదిలెయ్, ఈ ముగ్గురినీ స్టేజీ ఎక్కిద్దాం, నిజమంటే ఇదీ అన్నారు ఇంగ్లీషులో. వాళ్ల పేర్లయినా అడగలేదు. ఆయన మాట పెద్దమ్మకు చెప్పాను.

"చూడాలనుంటే చేన్లకు రమ్మను. ఇగ మాకు పనుంది," అని ఆమె మళ్లీ అన్నం ముందు కూర్చుంది.

ఆయనకు తెలుగు రాదు. ఒక్క మాటా తగ్గించకుండా చెప్పాను. నవ్వి, గడియారం చూసుకుని, క్యాబ్ ఎక్కారు. రెండు వారాలకు మెయిల్ వచ్చింది. ఆ ఆడవాళ్లు లేకుండా ఇందులో ప్రాణం లేదట, వచ్చే ఏడాది చూద్దామట. నాలుగు జవాబులు రాశాను. ఒక్కటీ పంపలేదు.

మెయిల్ వచ్చిన మర్నాటి నుంచి ఎండెక్కకముందే పెద్దమ్మ చేలోకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదటిరోజు గడ్డి వదిలేసి కొత్తిమీర పీకాను. నన్ను ఒక మూలకు, ఏమీ వెయ్యని మడికి పంపేసింది. నాలుగు నెలలు పట్టింది. పాతదంతా పారేశాను. కొత్తది ఇరవై రెండు నిమిషాలే వచ్చింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. కష్టాన్ని చూపించాలన్న పట్టుదల కూడా పోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డులోనే ప్రదర్శించాను. ముప్పైమంది దాకా వచ్చారు. అయిపోయాక సిటీ నుంచి వచ్చిన ఒకాయన, ఇది కూచిపూడికి ఆధునిక రూపమా అని అడిగారు. అవునండీ అన్నాను. పెద్దమ్మ మాత్రం ముందు వరసలోంచి లేవలేదు. జనం వెళ్లేదాకా ఆగింది.

"గిప్పుడు మంచిగున్నది. గని బిడ్డా, గింత కలుపు తీసినవ్, కుప్ప ఏది?"

నాట్యంలో కుప్ప అక్కర్లేదని చెప్పాను. పీకింది చేతిలో ఎంతసేపు పట్టుకుంటవు అంది. అది నిజంగా పీకడం కాదు కదా పెద్దమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. బాగుందని ఒక్కరోజు ఊరుకోవచ్చు కదా అని సణుక్కుంటూ బస్సెక్కాను. ఎయిర్‌పోర్టు మలుపు దాటేసరికి, పిడికెడు గడ్డిని ఎడమ చెయ్యి ఎక్కడ వదలాలా అని నోటుబుక్కు తీశాను.