నారాయణన్న సగం వంట

ఈ రోజు పొద్దున ఎదురింటి నారాయణన్న ఒక పళ్లెం పట్టుకుని వచ్చి మా గడప దగ్గర నిలబడ్డాడు. పళ్లెంలో దారాల్లా సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి, పక్కన వేయించి పొట్టు తీసిన శనక్కాయ పప్పులు.

పొలం సోలార్ పార్కుకి ఇచ్చేశాక ఊరికే కూర్చోలేక, పోయినేడు ఆయనా భార్య గంగక్కా థాయ్‌లాండ్ చూసొచ్చారు. అక్కడ భార్యాభర్తలకి కలిపి వంట నేర్పే క్లాసుకి వెళ్లారట. జంటకి ఒక రోలు. తరగడం ఆయన వంతు, అన్నీ కలిపి దంచడం అక్క వంతు. తిరిగొచ్చాక అక్కడ నేర్చుకున్న పచ్చి బొప్పాయి పచ్చడి చేసి మా ఊరు తిరుమణిలో మా వీధిలో అందరికీ పెట్టారు.

మూడు నెలల కిందట గంగక్క గుండెపోటుతో చనిపోయింది.

"నా పని అయిపోయింది సుజాతమ్మా. ఇంక దీంట్లో ఏమేమి ఏసేది?" అన్నాడు.

"క్లాసులో చెప్పలేదాన్నా?"

"చెప్పినారు. మీ అక్క ఇంటాండాది కదా అని నేను ఇనలేదు."

నాకు తోచినట్టు నిమ్మరసం, బెల్లం, ఉప్పు, పచ్చిమిరపకాయలు వేసి దంచి ఇచ్చాను. చాలాసేపు నమిలాడు. "బాగుండాదమ్మా" అన్నాడు. పళ్లెం మాత్రం మా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇది చదివి దయచేసి ఎవరూ ఆ పచ్చడి చేసే వీడియోలు పంపకండి, ఆయన అన్నీ చూశాడు. మీ ఇంట్లో ఉప్పు వేసేది ఎవరో అది చెప్పండి చాలు. మా ఇంట్లో నేనే. మా ఆయనకి కూడా నేర్పుదామని సాయంత్రం వంటింట్లోకి పిలిచాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నాడు: "నాకెందుకు? నువ్వుండావు కదా!"