నీ మంచికే

మొన్న జనరల్ బజార్‌లో ఫోన్ చూసుకుంటూ నడుస్తుంటే, ఒక దుకాణం ముందు కొత్త నల్లగుడ్డ వాసన తగిలింది. వెంటనే చిన్నప్పటి కోపం పొంగుకొచ్చింది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. నాన్నకు రియాద్‌లో ఉద్యోగం, వేసవి సెలవులు అయ్యేలోపు మేమందరం అక్కడికి వెళ్లాలి. సికింద్రాబాద్ ఎండలో అమ్మ నాకు మెడ నుంచి మణికట్టు, మడమల దాకా కప్పేసే నల్లటి అబాయా తొడిగి, వరండాలో నడక నేర్పిస్తోంది. తమ్ముడేమో నిక్కరులో గంతులేస్తున్నాడు. నా చేతుల్లోనే ఏదో తప్పుందేమోనని అద్దంలో వెతుక్కున్నాను. ఏమీ కనిపించలేదు. ఒళ్లు మండి అబాయా విప్పి నేలకేసి కొట్టాను.

“వానికెందుకు లేదు?”

“నీ మంచికే బిడ్డా, జెర అలవాటు చేసుకో,” అంది అమ్మ.

బెండకాయలు తరుగుతున్న నానమ్మ కత్తి పక్కన పెట్టింది.

“పోలీస్ యాక్షన్ అప్పుడు మా అమ్మ సుత గిట్లనే అన్నది. నా జడ కోసి, మా అన్న నిక్కరు తొడిగింది. బయట గడబిడ ఉందని, ఆడపిల్లనని భయపడ్డదని నాకెవరు చెప్పిన్రు? ఆడపిల్లగ నేను పనికిరానని ఏడ్చుకుంట కూసున్న. పోరికి అసలు సంగతి చెప్పు.”

అమ్మ నా పక్కన నేల మీద కూర్చుంది.

“నీ తప్పేం లేదు. అక్కడ ఆడోళ్లకు రూలు అట్ల ఉంది. నాకు సుత నచ్చలే.”

తర్వాత తన అబాయా తొడుక్కుని, చెమటలు కక్కుతూ నాతోపాటు నడిచింది.

గుడ్డకన్నా ఆ ‘నీ మంచికే’ అన్న మాటే నన్ను ఎక్కువ మండించిందని ఇప్పుడు తెలుస్తోంది. ఈరోజుకీ ఎవరన్నా ఆ మాటంటే గొడవకు దిగుతాను. అమ్మ మాత్రం మళ్లీ ఎన్నడూ అనలేదు.