నక్కగారికి మర్యాదగా నాలుగు తిట్లు

ఓబదయ్య తిట్టని ప్రాణి సౌదీలోని ఈ హుఫూఫ్‌లో లేదు. అయితే ఎవరిని తిట్టినా గారు, అండి తగిలించకుండా తిట్టి ఎరగడు. భీమవరం నోరు మరి. నీళ్ళు రాని కుళాయిని "తమరికి సిగ్గులేదాండి" అని అడిగేవాడు. రాత్రంతా మూలిగే ఏసీకి "పోతే ఒకేసారి పోవచ్చు కదండి" అని సలహా ఇచ్చేవాడు. ఆస్పత్రి నర్సుల క్వార్టర్స్‌కి పదకొండేళ్ళుగా అతనే హారిస్, అంటే మన భాషలో కాపలాదారు. గేటు కన్నా అతని నోరే గట్టి కాపలా.

తెనాలి నుంచి కొత్తగా వచ్చిన నర్సు జాయ్సీ, కాగితాలన్నీ టాక్సీలో వదిలేసి పెట్టె మాత్రం భద్రంగా దించుకుంది. ఓబదయ్య టాక్సీ వెంట పరిగెత్తి కాగితాలు తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకున్నాడా? "ఇంత పెద్ద పెట్టె సర్దుకున్నారు, అందులో బుర్ర పెట్టుకోవడం మర్చిపోయారేంటండి" అన్నాడు. కాగితాల సంగతి జాయ్సీ ఆ పూటే మర్చిపోయింది. మాట మాత్రం గుర్తుంచుకుంది.

క్వార్టర్స్ వెనకగోడ దాటితే ఖర్జూర తోటలు. అక్కణ్ణించి సాయంత్రాలు నక్కలు వచ్చేవి. రాక ఏం చేస్తాయి? తిండి పారేస్తే పాపమని, ఏ జంతువైనా తింటుందని, ఇక్కడివాళ్ళు మిగిలిన రొట్టెలు సంచిలో కట్టి చెత్తడబ్బా పిడికి తగిలిస్తారు. మన నర్సమ్మలు ఆ పుణ్యం చూసి ముచ్చటపడ్డారు. రొట్టెతో ఆగితే మనవాళ్ళెందుకవుతారు? పప్పన్నం, చేపల పులుసు, కోడి ఎముకలు కూడా తగిలించారు. పుణ్యం వాసన గోడ దాటింది. జాయ్సీ ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. ఒక ఆడనక్కకి రాణి అని పేరు పెట్టి, మెట్ల మీద కూర్చుని కోడిమెడలు చేత్తో అందించేది.

ఓబదయ్య స్టీలు కంచం, గరిట పట్టుకుని దిగేవాడు. "రాణిగారా అండి? రాజ్యం ఎక్కడండి, చెత్తడబ్బాలోనా? కష్టపడి ఎలకని పట్టుకోవడం నామోషీ అయిపోయిందాండి? నడవండి, నడవండి" అని ఢాంఢాం మోగించేవాడు. నక్క గోడ దూకేది. జాయ్సీ పళ్ళు నూరేది.

ఒకరోజు రాణి, డ్యూటీ బస్సు దిగిన ఇంకో నర్సు బ్లెస్సీ వెంటపడి తలుపు దాకా వచ్చింది. సంచిలో చికెన్ ఉందని దానికి తెలుసు. బ్లెస్సీ, పైన వేసుకున్న పొడుగు అబాయా కాళ్ళకి చుట్టుకుని పడింది, మోకాలు చెక్కుకుపోయింది. క్వార్టర్స్ వ్యవహారాలు చూసే హైదరాబాద్ నౌమాన్ వచ్చి తేల్చి చెప్పాడు. "గిట్ల మనుషుల ఎంబడి పడితే ఊకుంటమా? బేస్తారం విషం మందు పెట్టేటాయన వస్తడు. మనిషిని జూసి దూరం ఉరికిందా, ఇడిసిపెడ్తం. ఉరకలేదా, మందే."

గురువారం దాకా గడువు ఐదు రోజులు. ఓబదయ్య నర్సులందరినీ వాకిట్లో నిలబెట్టాడు. సంచులు బంద్. డబ్బాల మూతల మీద ఇటుకలు.

"నక్క కనిపిస్తే పరిగెత్తకూడదండి. నిలబడాలి, చేతులెత్తాలి, కంచం మోగించాలి, గోడ దాటేదాకా తిట్టాలి. మధ్యలో ఆపితే తిట్టు దండగండి."

బ్లెస్సీ కుక్కరు మూత మీద చెంచాతో తట్టి, "ఉష్, వెళ్ళిపో అమ్మా" అంది.

"అది తిట్టాండి, జోలపాటా?"

పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి తిట్లు సాధన చేశారు. జాయ్సీ మాత్రం రాలేదు.

"దానికి రెండు పిల్లలున్నాయి బాబాయ్. తరిమేస్తే ఎక్కడికి పోతాయి? మీకసలు గుండె ఉందా?" అని నిలదీసింది.

"ఆయ్, ఉందండి. రోజూ బీపీ మాత్రలు దానికేగా మింగుతున్నాను."

ఆ కోపంతో జాయ్సీ బుధవారం రాణికి రెండు కోడిమెడలు ఎక్కువే పెట్టింది.

గురువారం ఎండ తగ్గాక మందు మనిషి పెట్టె పట్టుకుని వచ్చాడు. నక్క రానే వచ్చింది, వెనకాల రెండు పిల్లలు. ఓబదయ్య కంచం ఎత్తబోతే నౌమాన్ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు గమ్మునుండు పెద్దాయనా. దాని గుణమేందో మేం జూడాలె."

రాణి ముగ్గురు మగవాళ్ళనీ లెక్క చెయ్యలేదు. మెట్ల మీద జాయ్సీని చూసింది, తోక ఆడిస్తూ తిన్నగా వచ్చింది. మందు మనిషి పెట్టె మూత తీశాడు.

ఆ మూత చప్పుడుకి జాయ్సీకి అప్పుడు అర్థమైంది. ఈ నక్కకి భయం పోగొట్టింది ఎవరో కాదు, తనే. పక్కనే ఉన్న బ్లెస్సీ చేతిలోని కుక్కరు మూత, గరిట లాక్కుని ముందుకు దూకింది.

"ఎందుకొచ్చారండి? తమరికి సిగ్గులేదాండి? ఎవరు పిలిచారండి మిమ్మల్ని?"

రాణి నమ్మలేదు. ఇంకో అడుగు వేసింది. జాయ్సీ ఏడుస్తూనే మూత మోగించింది. పై అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి. కంచాలు, మూకుళ్ళు, మూతలు ఒక్కసారిగా మోగాయి. తెలుగులో, మలయాళంలో, ఫిలిప్పీన్స్ భాషలో తిట్లు కురిశాయి. రాణి వెనక్కి తిరిగింది. పిల్లల్ని ముందు తోలుకుని గోడ కంతలోంచి తోటలోకి ఉడాయించింది.

"యే తో డర్తీ హై. ఖలాస్" అని, అంటే ఇది భయపడుతోంది, ఇక పని లేదని, మందు మనిషి పెట్టె మూసేశాడు. నౌమాన్ మాట మీద నిలబడ్డాడు. ఇద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు.

జాయ్సీ మెట్ల మీద కూలబడి ముక్కు తుడుచుకుంటోంది. ఓబదయ్య వచ్చి నిలబడ్డాడు.

"రెండో తిట్టుకే గొంతు వణికిందండి. ఏం చదువులండి మీవి?"

జాయ్సీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇక్కడికి రాకముందు దమ్మామ్‌లో నేనూ ఒక నక్కకి రొట్టె పెట్టి మచ్చిక చేశానండి" అన్నాడు అతను, గరిట వైపు చూస్తూ. "నా దగ్గరికి వచ్చినట్టే మందు పెట్టినోడి దగ్గరికీ వెళ్ళిపోయింది. అప్పట్నుంచి తిట్టడమేనండి."

జాయ్సీ ఏదో అనబోయేలోపు విసవిసా వెనకగోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. కంత దగ్గర వంగి, ఎవరూ వినడం లేదనుకుని, తోటలోకి చూస్తూ మళ్ళీ అందుకున్నాడు.

"మళ్ళీ ఇటొస్తే మర్యాద దక్కదండి, చెప్తున్నాను. కాలవగట్టునే వెళ్ళండి, రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. పిల్లల్లో చిన్నావిడ కుంటుతోందండి. కాస్త మెల్లిగా నడవండి."