ఎర్ర ట్యాగ్ మీద ఖాళీ గడి

డిప్లొమా అయ్యాక పటాన్‌చెరు దగ్గర ఒక పంపుల ఫ్యాక్టరీలో నాకు తనిఖీ ఉద్యోగం దొరికింది. గది ఇస్నాపూర్‌లో. ఆదివారం పొద్దున ఒక గంట నెట్ సెంటర్‌లో గడిపేవాడిని. ఇంటర్నెట్‌లో నేను చేరిన గుంపు ఒకటి ఉండేది. వారపత్రికల సీరియళ్లు చదివేవాళ్లం, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. రాసేది చాలావరకు కథానాయికల గురించే: ఎవరికి పొగరు, ఎవరు ఎన్ని పేజీలు ఏడ్చారు, ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు.

ఒక వారం నేను ఆరుగురు నాయికలకు తనిఖీ రిపోర్టు తయారుచేసి గుంపులో పెట్టాను. మా ఫ్యాక్టరీలో మంచి సరుకుకు పచ్చ ట్యాగ్, సరిచేయగలిగినదానికి పసుపు, పనికిరానిదానికి ఎరుపు. ప్రతి ట్యాగ్ మీద నంబరు, కారణం రాయడానికి ఒక గడి, సంతకం ఉంటాయి. మొగుణ్ణి వదిలి పుట్టింటికొచ్చి కుట్టుమిషన్ పెట్టుకున్న నాయికకు ఎర్ర ట్యాగ్ ఇచ్చాను. కారణం గడిలో, కొన్నవాళ్లు తిప్పి పంపిన సరుకుకు రాసినట్టు, ‘కస్టమర్ రిటర్న్’ అని రాశాను.

నిజానికి ఆ పత్రిక నేను కొనేదే ఆమె కోసం. ఆమె ఇంటి గోడకు బోర్డు తగిలించుకున్న భాగం నాలుగుసార్లు చదివాను. అది రాస్తే గుంపులో ఎవరూ నవ్వరు. రిపోర్టుకు మాత్రం బాగా నవ్వారు. ఆ ఉత్సాహంలో దాన్ని ప్రింటు తీయించి, సోమవారం ఫ్యాక్టరీలో మెషిన్ల మీద పనిచేసే ఇద్దరికి ఇచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇంద్రేశం నుంచి వచ్చేది, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అత్తగారింటి నుంచి వచ్చేసి తల్లి దగ్గర ఉంటోందని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నేను చదివేసిన పత్రిక ఆమె తీసుకెళ్లి, సోమవారం తిరిగి తెచ్చేది. ప్యాకింగ్ వాళ్లకు ట్యాగుల పద్ధతి నేర్పింది నేనే. కారణం రాయని ఎర్ర ట్యాగ్ చెల్లదని, అలాంటిది కనిపిస్తే నా దగ్గరికి వాపసు తెమ్మని చెప్పాను.

ఆమె చేతిలో ఎర్ర ట్యాగ్ ఉంది. టిఫిన్ సంచికి ఎవరో కట్టారట.

“సార్, కారణం లేకుంటే వాపసు తెమ్మని మీరే చెప్పిన్రు. ఇందుల ఏం రాసి లేదు. జెర రాసియ్యిన్రి.”

నేను కట్టలేదన్నాను.

“మీరు కట్టలేదని నాకెరుకే. కాయితం మీరు రాసిందేనంట గద, మిషిన్ల కాడ సదివి నవ్వుతున్నరు. గా బట్టలు కుట్టేదాని కత నేను గూడ సదివిన, మీ పత్రికలనే. ఆమెకు రాసినట్టే నాకు గూడ రాయిన్రి. తీస్కొని పోత.”

పెన్ను నా జేబులోనే ఉంది. ఎవరు కట్టారో కనుక్కుంటానని ఏదో అన్నాను. ఆమె ట్యాగ్‌ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కనుక్కోలేదు. ప్రింటు ఇచ్చింది ఇద్దరికే, ఇంక కనుక్కునేదేముంది?

ఆదివారం నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ రిపోర్టు తీసేశాను. తీసేముందు, కింద వచ్చిన జవాబులన్నీ మళ్లీ ఒకసారి చదివాను. ఒకదానికి నవ్వొచ్చింది కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. మరో రెండు వారాలకు అదే రిపోర్టు నా పేరు లేకుండా, ఎవరో తెలియని మనిషి నుంచి నాకే మెయిల్‌లో వచ్చింది.

నెలాఖరున ట్యాగ్ నంబర్లన్నీ రిజిస్టరులో సరిపోవాలి. ఆ నంబరు ఎదురుగా ‘చినిగింది, రద్దు’ అని రాసి సంతకం పెట్టాను. ట్యాగ్ చినగలేదు, నా సొరుగులోనే ఉంది.

ఆమెకు క్షమాపణ చెప్పలేదు. పత్రిక ఎప్పటిలాగే బల్ల చివర పెట్టేవాడిని, ఆమె ముట్టుకునేది కాదు. సీరియల్ ముగింపు ఆమె చదివిందో లేదో తెలియదు.

ఆమె పని మాత్రం మానలేదు. నేను ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెట్టిన ట్రేలను తీసుకెళ్లడానికి రోజూ వచ్చేది. ఆ మంగళవారం తర్వాత మాత్రం ట్రే ఎత్తేముందు ట్యాగ్ తిప్పి, కారణం గడిలో ఉన్నది పైకే, నిదానంగా చదివేది. “అంచు పగిలింది.” “రంధ్రం పెద్దగైంది.” ఆమె చదవడం అయ్యేదాకా నేను లేచి నిలబడి ఉండేవాడిని.