ముతోన్యి టీచర్ కాఫీ బుట్ట

యూనివర్సిటీ మెరిట్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టే పిల్లలకు సిఫారసు ఉత్తరం కావాలి. ఎంబాలే కొండల మీది ఆ బడిలో దాన్ని రాసేది లెక్కల టీచర్ ముతోన్యి. ఊరికే రాయదు. ఒక శనివారం తన తోటకు వచ్చి, తనతో పాటు కాఫీ పళ్లు కోయమంటుంది. ఎర్రగా పండినవే కోయాలి. బుట్ట త్వరగా నిండాలని పచ్చివి కలిపేవాళ్లెవరో సాయంత్రానికి తెలిసిపోతుంది.

"జిల్లా ఫస్టొచ్చిన పిల్లకు కూడా ఈ కూలిపనేనా?" అని హెడ్‌మాస్టర్ వమింబి విసుక్కున్నాడు.

"మార్కులు యూనివర్సిటీ వాళ్ల దగ్గరున్నాయి గదా సార్. మనిషి ఎలాంటిదనే నన్నడిగారు," అంది ముతోన్యి.

ఆ జిల్లా ఫస్టు పిల్ల ఖైన్జా శనివారం తోటకు వచ్చింది. మధ్యాహ్నం ఉడికించిన అరటికాయ ముద్ద, వేరుశెనగ పులుసు ఇద్దరూ కలిసి తిన్నారు. సాయంత్రానికి ఆ పిల్ల బుట్ట సగమే నిండింది. అన్నీ ఎర్రవే. అలాంటి పిల్లలను టీచర్ ఇదివరకు చాలామందినే చూసింది, వాళ్లకు మంచి ఉత్తరాలే రాసింది.

బుట్టలు దించాక ఖైన్జా కాసేపు తటపటాయించింది. "మేడం, ఏమనుకోకండి. మీ బుట్టలో మూడు పచ్చికాయలున్నాయి."

"నాకే చెబుతున్నావా? ఉత్తరం రాయాల్సింది నేనని మర్చిపోయావా?"

"మర్చిపోలేదు మేడం. అందుకే చెప్పడానికి ఇంతసేపు పట్టింది."

ముతోన్యి ఆ మూడూ ఏరి పారేసింది. ఇరవై రెండేళ్లుగా, పిల్లలు వచ్చిన ప్రతిసారీ, కావాలనే మూడు పచ్చికాయలు తన బుట్టలో పైకి కనబడేలా వేస్తోంది. అందరూ చూసినవాళ్లే. నోరు విప్పింది ఈ పిల్లొక్కతే.