ఎత్తు బల్లను కోసిన రోజు

మొన్న శుక్రవారం డర్బన్ ఊళ్లోని రిజర్వాయర్ హిల్స్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న మందుల షాపుకి బీపీ మాత్రల కోసం వెళ్లాను. అద్దం వెనకాల కూర్చున్న కొత్తమ్మాయి నేనే ముందు నోరు విప్పుతానని చూస్తోంది, నేనేమో ఆ పిల్ల తలెత్తి పలకరిస్తుందని చూస్తున్నాను, అలా ఇద్దరం కొయ్యబొమ్మల్లా ఉండిపోయేసరికి వెనకాల వరసలో నిలబడ్డ పెద్దమనిషి దగ్గడం మొదలుపెట్టాడు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. పాపం ఆ పిల్ల బిక్కమొహం వేసింది, ఈ ముసలావిడకి ఏమైందో అనుకుని ఉంటుంది. దానికేం తెలుసు, నా ఉద్యోగ జీవితంలో నేను కళ్లారా చూసిన పెద్ద గెలుపు ఇలాంటి ఒక మౌనంలోంచే పుట్టిందని. మీరంతా నా ఈడువాళ్లే కనక, కాస్త అటూ ఇటూ తిరిగొచ్చినా విసుక్కోకుండా వింటారని ఇది చెబుతున్నాను.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ మొదటిసారి కలిసి ఓటేసి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజులవి. మావారికి డర్బన్‌లో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికితే, వాల్తేరులో లైబ్రరీ చదువు చదివి అక్కడే నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నదాన్ని, ఆ ఉద్యోగం వదిలేసి, ఇక వంటింటికే అంకితమేమో అని ముక్కు చీదుకుంటూ ఆయన వెనకాలే వచ్చాను. అదృష్టం బాగుండి, కొద్ది నెలలకే ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఒప్పందం మీద పని దొరికింది. వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి అది ఏ అరలో కూర్చోవాలో తేల్చడం నా పని. చేరిన కొత్తలో నాకు బాగా కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటుంది. విశ్వవిద్యాలయం తలుపులు అందరికీ తెరుచుకున్నాయి, నల్లవాళ్లని ఊరికి విడిగా ఉంచిన టౌన్‌షిప్పుల నుంచీ చెరకు తోటల ఊళ్ల నుంచీ నల్ల పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు, కానీ లైబ్రరీలో బల్లకి అవతల కూర్చున్న మొహాలు మాత్రం ఒక్కటీ మారలేదు. అటెండర్లలో అక్కడి నల్లజాతి జులూ వాళ్లు ఉన్నారు, లైబ్రేరియన్లలో ఒక్కరూ లేరు.

దాన్ని మార్చడానికే కొన్నేళ్లకి రెసిడెన్సీ అని ఒక పథకం పెట్టారు. మనకి డాక్టరు చదువు అయ్యాక హౌస్‌సర్జన్లుగా చేయిస్తారే, అలాంటిదే. లైబ్రరీ చదువు అప్పుడే ముగించిన పిల్లల్ని, ఇన్నాళ్లూ ఈ తలుపుల బయటే ఉండిపోయిన ఇళ్ల నుంచి ఏరి, రెండేళ్లపాటు జీతమిచ్చి, ఒక్కో విభాగంలో కొన్నాళ్లు ఉంచి పని నేర్పించి, చివర్లో తగినవాళ్లనుకుంటే శాశ్వతంగా తీసుకుంటారు. మొదటి జట్టులో ఇద్దరమ్మాయిలు వచ్చారు. వాళ్లకి పెద్దదిక్కుగా ఎవరుంటారని మా పై అధికారిణి అడిగితే, అందరూ కిటికీలోంచి బయటికి చూశారు, నేను చెయ్యెత్తాను. నాకు ఆడపిల్లలు లేరు, బహుశా అందుకేనేమో.

ఒకమ్మాయి షాకాస్‌క్రాల్ అవతల చెరకు తోటల మధ్య పెరిగిన జులూ పిల్ల. తండ్రి చెరకు నరికే కూలీ, వెనకాల చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇల్లంతా ఈ పిల్ల మీదే ఆశలు పెట్టుకుని ఉంది. ఈమెను నేను పెద్దమ్మాయి అనేదాన్ని, ఆ పిల్ల నన్ను వాళ్ల మర్యాద ప్రకారం ‘మా’ అని పిలిచేది, మన అమ్మా అన్నట్టే. రెండో అమ్మాయి డర్బన్‌లోనే రెడ్‌హిల్ పిల్ల, ఎప్పుడో మన కోస్తా ఊళ్ల నుంచి చెరకు పనికి ఓడల్లో వచ్చినవాళ్ల మునిమనవరాలు, మా చిన్నమ్మాయి. దానికి ఇంగ్లీషు తప్ప రాదు, అయితే వాళ్ల అవ్వ పుణ్యమా అని తెలుగులో దేవుడి దండకమూ, కూరల పేర్లూ, తిట్లూ మాత్రం అమోఘంగా వచ్చు. కోపమొస్తే ఆ పిల్ల నోట్లోంచి వచ్చే పాత తెలుగు వింటుంటే నాకు మా అమ్మమ్మగారి ఊరి వీధిలో నిలబడ్డట్టు ఉండేది.

మొదటి రోజు తమాషా చెబుతాను. మా పై అధికారిణి తెల్లావిడ, మేం చాటున దొరసాని అనేవాళ్లం. మనసు చెడ్డది కాదు కానీ నియమమంటే నియమమే. ఆవిడ గదిలోకి రాగానే నేను అలవాటుగా లేచి నిలబడ్డాను, అదే క్షణంలో అప్పటిదాకా నిలబడి ఉన్న పెద్దమ్మాయి చటుక్కున కూర్చుని తల దించుకుంది. దొరసాని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఒకరికి భయమనీ ఒకరికి పొగరనీ అనుకుని ఉంటుంది. నాకూ వింతగానే అనిపించి తరవాత అడిగాను. వాళ్లలో పెద్దవాళ్ల ముందు నిలబడితే వాళ్ల నెత్తి మీద నిలబడ్డట్టట, అందుకే పిన్నలు ముందుగా కిందకి కూర్చోవాలి, కళ్లలోకి చూడకూడదు, పెద్దవాళ్లు పలకరించేదాకా నోరెత్తకూడదు. ఓరి దేవుడా, మేం లేచి చూపే మర్యాద వీళ్లు కూర్చుని చూపిస్తారా అని ఎంత నవ్వుకున్నామో.

నవ్వుకున్నాం గానీ, ఆ మర్యాదే మా లైబ్రరీలో ఎంత అనర్థానికి కారణమవుతోందో అప్పటికి మాలో ఎవరికీ తట్టలేదు. హాలు మధ్యలో, ఏ పుస్తకం ఎక్కడుందో అడిగే విచారణ బల్ల ఉండేది. మామూలు బల్లా అది! మనిషి గుండెల దాకా వచ్చే ఎత్తు, నల్లటి బరువైన చెక్క, దాని వెనకాల ఎత్తు కుర్చీలో లైబ్రేరియన్. పాఠకుడు తనంతట తాను అడిగేదాకా మనం కదిలించకూడదన్నది దొరసాని నియమం, చదువుకునేవాడి ఏకాంతానికి అది గౌరవమని ఆవిడ నమ్మకం. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ బల్ల ముందుకొచ్చి, కూర్చోవడానికి చోటు లేక నిలబడి, నేల చూపులు చూస్తూ, పెద్దవాళ్లు పలకరిస్తారని ఆగేవాళ్లు. లైబ్రేరియనేమో పిల్లాడు అడుగుతాడని ఆగేది. ఇటు మర్యాద, అటు మర్యాద, మధ్యలో ఎవరి నోటా మాట లేదు. కాసేపు చూసి పిల్లలు వెళ్లిపోయేవాళ్లు. ఈ కొత్త విద్యార్థులకి పుస్తకాల మీద ఆసక్తి లేదని మీటింగుల్లో నిట్టూర్పులు విడిచేవాళ్లు మావాళ్లు, నేనూ తలూపే వచ్చేదాన్ని.

రెండో ఏడు పెద్దమ్మాయికి ఆ బల్ల దగ్గర వంతు వచ్చింది. వచ్చీ రాగానే ఆ పిల్ల చేసిన పని, ఎదురుగా నిలబడ్డ ప్రతివాణ్ణీ తనే ముందు ‘సావుబోనా’ అని పలకరించడం. అంటే వాళ్ల భాషలో నమస్కారమే. ఏ ఊరు, ఇంట్లో అంతా బాగున్నారా, వానలు పడ్డాయా, ఇవన్నీ అయ్యాకే పుస్తకం సంగతి. అంతటితో ఆగిందా, చదువుకునే గదిలోంచి ఒక కుర్చీ తెచ్చి బల్ల పక్కన వేసి, తను ఎత్తు కుర్చీ దిగొచ్చి ఆ పిల్లల పక్కనే ఇంకో కుర్చీలో కూర్చునేది. పిల్లలు చీమల్లా చేరారు. ఇంకేముంది, ఫిర్యాదులు! విచారణ బల్ల దగ్గర కబుర్లు, నవ్వులు, నిశ్శబ్దం మంట కలిసిపోయింది, ఆ అమ్మాయి తన స్నేహితుల్ని పోగేసుకుని కాలక్షేపం చేస్తోంది అని. కుర్చీని తీసుకెళ్లి యథాస్థానంలో పెట్టేవాళ్లు, పిల్ల మళ్లీ తెచ్చేది. సంగతి చిన్నమ్మాయికి తెలిసి నా గదిలోకి సుడిగాలిలా వచ్చి, “బుద్ధి నేదు అక్కా వీళ్లకి, సిగ్గూ నేదు!” అని వాళ్ల అవ్వ గొంతుతో అరిచింది. తన ఉద్యోగం గురించి దానికి భయం లేదు, కంప్యూటర్ల విభాగంవాళ్లు అప్పటికే ఆ పిల్ల తమకే కావాలని పట్టుబట్టి ఉన్నారు.

పెద్దమ్మాయి గతే గాల్లో వేలాడుతోంది. ఎంపిక సంఘం కూర్చుని శాశ్వత ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చే రోజు దగ్గరపడింది, పనితీరు మీద దొరసాని అభిప్రాయం బాగాలేదని అందరికీ తెలిసిపోయింది. ఈ పిల్లను పంపేస్తే షాకాస్‌క్రాల్‌లో ఆ ఇంటి దీపం ఆరిపోవడం ఒక ఎత్తు, చూశారా, అవకాశమిచ్చాం, వాళ్లవల్ల కాలేదు అని చెప్పుకుని పథకాన్నే అటకెక్కించడం ఇంకో ఎత్తు. ఆ పిల్ల వెనకాల రావాల్సినవాళ్లందరికీ తలుపు మూసుకుపోతుంది. 

ఆ పిల్లకి నచ్చజెప్పమని దొరసాని నాకే పురమాయించింది. పిలిచాను. వచ్చి కూర్చుని, నేల చూస్తూ, నెమ్మదిగానే చెప్పింది. ‘మా, నేను కూడా ఇక్కడే చదివాను, ఆ బల్ల ముందు నిలబడి నిలబడి వెళ్లిపోయిన రోజులు నాకు గుర్తే, ఎవరూ పలకరించలేదు కనక మాకు ఇక్కడ పనిలేదనుకున్నాం’ అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఈ పిల్ల నియమం తప్పడం కాదు, ఆ బల్లకి పని ఎలా చెయ్యాలో నేర్పుతోంది. ఇంటికెళ్లి మావారితో చెబితే, నీ ఒప్పందం కూడా పొడిగించాల్సింది ఆవిడే, నీకెందుకే ఈ తలనెప్పి అన్నారు. పోతే పోతుంది వెధవ ఉద్యోగం అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, అయితే వెళ్లి మాట్లాడు అన్నారు. మాట వరసకి చెప్పడం లేదు, ఆ ఒక్క మాటకి ఆయన్ని ఇప్పటికీ క్షమించేస్తుంటాను అన్నిటికీ.

మర్నాడు దొరసాని దగ్గరికి వెళ్లి సంగతంతా విడమరిచి చెప్పాను. నమ్మలేదు. అయితే ఒక్క పొద్దుట పూట మీరే ఆ బల్ల దగ్గర కూర్చోండి, మీ నియమం ప్రకారమే కూర్చోండి అన్నాను. కోప్పడుతుందనుకున్నాను, కానీ ఆవిడ కళ్లజోడు సవరించుకుని వచ్చి నిజంగానే ఎత్తు కుర్చీ ఎక్కింది. పెద్దమ్మాయినీ చిన్నమ్మాయినీ వెంటబెట్టుకుని నేను కార్డుల బీరువాల వెనక నక్కాను, ఆ వయసులో ఆ దొంగచూపులేమిటో!

ఒక పొడుగాటి విద్యార్థి వచ్చి బల్ల ముందు నిలబడి తల దించుకున్నాడు. దొరసాని చిరునవ్వుతోనే చూస్తోంది, ఆ నవ్వు వాడికి కనిపిస్తేగా! ఆవిడ ఆగింది, వాడు ఆగాడు. చివరికి వాడు మౌనంగా తలుపు వైపు తిరిగాడు. చిన్నమ్మాయి నా చెయ్యి పట్టుకుని గోళ్లు గుచ్చేస్తోంది. అప్పుడు దొరసాని కుర్చీ దిగి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆ మహా నిశ్శబ్దంలో, వచ్చీ రాని యాసతో, గట్టిగా ‘సావుబోనా!’ అంది. హాల్లో అన్ని తలలూ లేచాయి. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి మొహమంతా నవ్వుతో ‘యెబో!’ అని బదులిచ్చాడు. ఆవిడే స్వయంగా కుర్చీ లాగి వాణ్ణి కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. నేలల రసాయనం మీద పుస్తకం కావాలట వాడికి, ఎన్నోసార్లు వచ్చి వెళ్లాడట. వాడి వెనకాల ఇంకొకరు, ఆమె వెనకాల మరొకరు. మధ్యాహ్నానికి దొరసాని గొంతు బొంగురుపోయింది, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ పెద్దమ్మాయిని పిలిచి, నీ చోట్లో నువ్వు కూర్చో అమ్మా, నాకు ఇది నేర్చుకోవడానికి చాలాకాలం పడుతుంది అంది. నేను బీరువా వెనకే నిలబడి ఏడ్చేశాను, సిగ్గేముంది చెప్పడానికి.

సంఘంలో ఆ పిల్ల తరఫున మొదట మాట్లాడింది దొరసానే. ఉద్యోగం ఖాయమైందని తెలిసిన రోజు చిన్నమ్మాయి మెట్ల మీదే గెంతులేసి, అవ్వ నేర్పిన దండకం అక్కడే మొదలుపెట్టింది. రొట్టె గుల్లచేసి చిక్కుళ్ల కూర నింపిన బన్నీచౌలు తెప్పించుకుని, ముగ్గురం చేతులు ముంచేసుకుని పచ్చికలో కూర్చుని తిన్నాం. పెద్దమ్మాయి సగం తిని, తక్కినది కాగితంలో చుట్టి, నాన్నకి చూపించాలి అంది. కూర రొట్టె చూపించడమేమిటే అని చిన్నమ్మాయి పడీ పడీ నవ్వింది. సాయంత్రం పదిమందిని ఎక్కించుకునే టాక్సీలో ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని షాకాస్‌క్రాల్ వెళ్లిపోయింది ఆ పిల్ల.

తరవాతి సెలవుల్లో వడ్రంగులు వచ్చారు. విచారణ బల్లను కూర్చున్న మనిషి మోచేతుల ఎత్తుకి కోసెయ్యమని దొరసాని ఆర్డరు వేసింది. నిశ్శబ్దం పాటించండి అని గోడ మీద రాసున్న ఆ హాల్లో రంపం చప్పుడు ఎలా మోగిందనుకున్నారు! అటెండర్లు, గుమాస్తాలు, పుస్తకాలు అతికించేవాళ్లు అంతా పనులు వదిలేసి చుట్టూ చేరారు. నల్ల చెక్క ముక్క ఊడి దభాలున కింద పడగానే ఎవరో చప్పట్లు కొట్టారు, ఆ తరవాత ఆగితే కదా! జులూ అటెండరు ఒకాయన పాటెత్తుకున్నాడు, అందరూ అందుకున్నారు, నాకు మాటలు రాకపోయినా నోరు కదిపాను. రంపపు పొట్టుతో దొరసాని జుట్టంతా దుమ్ముకొట్టుకుపోయింది. ఇంత ఆనందం ఒక కట్టడంలో పట్టడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తరవాత ఏటా కొత్త పిల్లలు వచ్చారు, బల్లకి అవతలి మొహాలు ఒక్కటొక్కటిగా మారిపోయాయి. కొన్నేళ్లకి దొరసాని కాలం చేసింది. నేను రిటైరయ్యేనాటికి ఆ లైబ్రరీ మొత్తానికి పై అధికారిణి మా పెద్దమ్మాయే, నా వీడ్కోలు సభలో కుర్చీలు సర్దింది కూడా తనే. చిన్నమ్మాయి కేప్‌టౌన్‌లో స్థిరపడింది, పండక్కి ఫోను చేస్తుంది. రెసిడెన్సీ పథకాన్ని మాత్రం ఎత్తేశారు, ఇక ప్రత్యేకంగా అవసరం లేదన్నారు, నిజమే, లేదు.

ఈ మధ్య అక్కడి విద్యార్థిని ఒకామె కలిస్తే, ఒకప్పుడు ఈ లైబ్రరీలో జులూ లైబ్రేరియన్ ఒక్కరూ లేరమ్మా అన్నాను. నమ్మలేనట్టు నన్ను చూసి, ఎందుకు లేరు అని అమాయకంగా అడిగింది. అదో పెద్ద కథలే అమ్మా అని నవ్వేశాను. మేం పోరాడింది ఆ పిల్ల అలా అడగడానికే కదా. గెలిచామన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు లేనంతగా గెలిచాం. చాలా సంతోషం. అయినా ఆ విద్యార్థిని వెళ్లిపోయాక, నాతోపాటు ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరైనా పక్కన ఉంటే బాగుండునని ఎంతగానో అనిపించింది.