నేను రుబ్బిన పచ్చడి

మొన్న క్లాంగ్‌లో ఓ హోటల్ వెనక తడి రుబ్బురోలు, పచ్చికొబ్బరి వాసన తగిలి ఆగిపోయాను.

చిన్నప్పుడు కువాలా సెలంగోర్ దగ్గర పామాయిల్ తోటలో ఉండేవాళ్లం. మిక్సీ లేదు, గ్యాసూ లేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాన్న కట్టెపొయ్యి రాజేసేవాడు, అప్ప, అంటే మా అక్క, కొబ్బరి కోరేది, నేను రుబ్బేదాన్ని. పచ్చడికి అమ్మ చేతి రుచి వస్తే అమ్మ వచ్చేస్తుందనుకున్నాను.

ఒకరోజు అరచేతులు బొబ్బలెక్కేలా రుబ్బి, "ఎలాగుంది నాన్నా?" అన్నాను.

"మీ అమ్మ సేసినట్టే ఉంది."

"అయితే రేపొచ్చేస్తాదా?"

నాన్న తల వంచుకుని, మాకు మిగల్చకుండా పచ్చడంతా తినేశాడు. నాకు కోపమొచ్చింది.

అమ్మ ఇంటికి రానేలేదు.

చాలా ఏళ్లకు అప్ప చెప్పింది. ఆ రోజు రోలు కడుగుతూ వేలితో నాకి చూసిందట. నేను ఉప్పే వెయ్యలేదట.